పక్క మంచం విన్నది

మిషన్ల మరమ్మతు గది,
ఆసుపత్రి కింది అంతస్తు.
సోమవారం.

మామయ్యగారికి,

నమస్కారం. ఫోను చేస్తే మీ చెవికి అందదు కనక రాస్తున్నాను. నాలుగు మాటల్లో చెబుదామని కూర్చున్నాను కానీ కుదిరేలా లేదు.

వార్డులో మీ అమ్మాయి పక్క మంచం మీద ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. మీకు గుర్తుండే ఉంటుంది. బస్సు మెట్టు మీంచి పడి తలకి దెబ్బ తగిలిన మనిషి. ఆమె లాగే కళ్ళు తెరవడు, పలకడు, కదలడు. ఇద్దరి గురించీ పెద్ద డాక్టరు ఒకే మాట చెప్పాడు. ఊపిరి ఉంది, లోపల మనిషి లేడు, మొక్కతో సమానం అని.

ఆ మనిషి లేచాడు.

శనివారం ఒక మానిటరు బాగు చెయ్యడానికి ఆ వార్డుకి వెళ్ళాను. ఆమె పోయాక అటు వెళ్ళడం అదే మొదలు. నేను ద్వారం దాటానో లేదో, కర్టెను వెనకనుంచి ఒక బొంగురు గొంతు:

"చెప్పులు కిర్రుమనే సారేనా?"

అతను నా ముఖం ఎప్పుడూ చూడలేదు. నా చెప్పులు విన్నాడు.

"మీ ఆవిడ పోయిందని తెలుసు సారూ. ఎవరో చెబితే కాదు. అప్పుడే విన్నాను."

స్టూలు మీద కూర్చున్నాను. అతనికి ఇంకా మాట తడబడుతోంది, అయినా ఆగలేదు. చేతులున్నాయో లేవో తెలిసేది కాదట. కింద పరుపు తెలిసేది కాదట. "గాల్లో వేలాడదీసినట్టు సారూ. ఏదీ తగలదు. కానీ నేనున్నానని మాత్రం తెలుసు. ఇంకేం తెలీకపోయినా అది తెలుసు."

ఇవి ఎవరి మాటలో మీకు చెప్పక్కర్లేదు. ఆమె ఏటా కాలేజీలో తత్వశాస్త్రం మొదటి పాఠం ఇలాగే మొదలుపెట్టేది. పిల్లల్ని కళ్ళు మూసుకోమనేది. ఒక మనిషిని గాల్లో వేలాడదీశారనుకోండి, కంటికి ఏమీ కనిపించదు, చెవికి ఏమీ వినిపించదు, చేతికి చెయ్యి తగలదు, అప్పుడు అతనికి ఏం తెలుస్తుంది? వెయ్యేళ్ళ కిందట మీ యునానీ వైద్యానికి మూలపురుషుడైన ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న. తానున్నానని తెలుస్తుంది అన్నది ఆయన జవాబు.

నువ్వేమైనా చదువుకున్నావా అని కండక్టరుని అడిగాను. "టిక్కెట్టు వెనక రాసింది తప్ప ఏమీ చదవలేదండీ" అన్నాడు.

అతను లోపల ఉన్నాడు. అయితే ఆమె... శనివారం నుంచి ఈ వాక్యం పూర్తి చెయ్యలేకపోతున్నాను.

ఇంకో మాట కూడా అన్నాడు. ఒక ముసలాయన వచ్చి కూర్చుని మెల్లగా వీధుల పేర్లు చదివేవాడట. అది మీరే. ఏం చేసేవారు మామయ్యా? మీకు ముందే తెలుసా?

మీ అల్లుడు

*

మందుల కొట్టు, వెనక గది.
గురువారం.

నాయనా,

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు. పొయ్యి మీద కషాయం మాడిపోయి, కొట్టంతా పొగ. పక్క కొట్టువాడు బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను తగలబడుతున్నానని వాడి ఆశ.

కండక్టరు లేవడం మంచి మాట. అతని పెళ్ళాం ఎంత ఏడ్చిందో నేను చూశాను.

వీధుల పేర్ల సంగతి అడిగావు. ముసలాడు కూతురి చేయి పట్టుకుని కూర్చోడానికి శాస్త్రం కావాలా? సరే, ఉంది. ఒక కుర్రాడు మంచం పట్టాడట. ఏ వైద్యుడికీ జబ్బు దొరకలేదు. మన పెద్దాయన వచ్చి మణికట్టు పట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తెలిసిన ఒకణ్ణి పిలిపించి, పేర్లు చదవమన్నాడట. ముందు ఊళ్ళు, తర్వాత వీధులు, తర్వాత ఇళ్ళు. ఒక వీధి దగ్గర నాడి తడబడింది. ఒక ఇంటి దగ్గర ఎగిరింది. ఆ ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. జబ్బు అదే. మా గురువు నాకు నాడి మీద వేళ్ళు పెట్టడం నేర్పిన రోజే చెప్పిన కథ ఇది. జరిగిందో లేదో దేవుడికెరుక. కానీ పద్ధతి మాత్రం నిజం. ఆయన వైద్యగ్రంథం తెల్లవాళ్ళ కాలేజీల్లో కూడా వందల ఏళ్ళు పాఠం చెప్పారు.

నేను చేసింది అదే. పొద్దుపోక.

వేలికి ఏమైనా తగిలిందా అంటావా? ముసలి వేళ్ళు నాయనా, కోరుకున్నదే తగులుతుంది. పైగా నాడి ప్రేమకీ ఎగురుతుంది, భయానికీ ఎగురుతుంది. ఎందుకు ఎగిరిందో అది చెప్పదు. ఈ మాట ఆ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మింగేస్తారు.

వేళకి తిను. నీ ఉత్తరంలో ఏం తింటున్నావో ఒక్క ముక్క లేదు. నా మందు పొట్లం మీద అంతకన్నా ఎక్కువ రాసి ఉంటుంది.

మామయ్య

*

మరమ్మతు గది.
బుధవారం.

మామయ్యగారికి,

తింటున్నాను.

కండక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మీ మీద అతనికి చాలా కోపం ఉంది.

"ముసలాయన గడియార స్తంభం తర్వాత పూల బజారు అన్నాడు సారూ! మధ్యలో ఆసుపత్రి గేటు ఏమైంది? మింగేశాడు. రోజూ అదే తప్పు. నాకు లోపల ఒళ్ళు మండిపోయేది. ఆ రూటులో నా బతుకంతా గడిచింది. చెబుదామంటే నోరు లేదు గదా!"

నవ్వాను. ఆమె పోయాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నోట్లో ఉండగానే అతను మిగతాది చెప్పాడు.

గుండె కొట్టుకున్నప్పుడల్లా మోగే మానిటరు శబ్దాన్ని అతను పిట్ట అంటాడు. ఎవరి మంచం దగ్గర వాళ్ళ పిట్ట. చీకట్లో అతనికి తోడు అవే. మీరు వీధులు చదువుతూ నూలు మిల్లు వెనక సందు దగ్గరికి రాగానే ఆమె పిట్ట పరుగెత్తేదట.

మిషన్లు తప్పు చేస్తాయి అన్నాను.

"ఒకసారైతే తప్పండీ. ఆయన వచ్చినప్పుడల్లా అదే సందు దగ్గరా?"

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకోటి సారూ. వరండాలో మీ చెప్పులు కిర్రుమనగానే మీ ఆవిడ పిట్ట లేచేది. మీరు వచ్చేవారు. ఏదో టకటకమనేది. ఆపైన పిట్ట ఉండేది కాదు. రోజూ ఎందుకు దాని నోరు నొక్కేవారు?"

నేను మిషన్ల మనిషిని మామయ్యా. గదిలోకి ఎవరో రాగానే అంకె పెరిగితే మా పనిలో దానికి ఒకటే అర్థం. క్లిప్పు వదులైంది, లేదా వైరు లోపల తెగింది. క్లిప్పు మార్చాను. వైరు మార్చాను. పెట్టె మొత్తం మార్చాను. అయినా నేను వెళ్ళగానే అంకె పెరిగేది. ఈ మోడలే ఇంత అనుకున్నాను. ఆమెకి విశ్రాంతిగా ఉంటుందని నేనున్నంతసేపూ శబ్దం తీసేసి, తెర గోడవైపు తిప్పి కూర్చునేవాణ్ణి. రోజంతా తెరలు చూసేవాణ్ణి, అక్కడైనా ఆమె ముఖం చూద్దామని.

ఆమె నన్ను పలకరించిన ప్రతిసారీ నేను వైరు మార్చాను.

ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోజు. పెద్ద డాక్టరు ఆమె కాళ్ళ దగ్గర నిలబడి, గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టమంటారా అని అడిగాడు. నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. కండక్టరు విన్నాడు. ఆమె కూడా వినే ఉంటుంది.

మీరు మంచానికి అటువైపు ఉన్నారు. ఆమె మణికట్టు మీ చేతిలో ఉంది. శబ్దం నేను తీసేశాను, తెర గోడవైపు ఉంది. కనక తెలిసినవారు మీరొక్కరే.

నేను ఆ మాట అన్నప్పుడు నాడి ఏం చేసింది?

మీ అల్లుడు

*

మందుల కొట్టు.
ఆదివారం.

నాయనా,

కండక్టరుకి చెప్పు, ఆసుపత్రి గేటు స్టాపు నేను కావాలనే వదిలేశాను. ఆసుపత్రిలో పడుకున్న పిల్లకి ఆసుపత్రి పేరు వినిపించడమెందుకని. రూటు నాకూ తెలుసు.

నూలు మిల్లు వెనక సందు అంటే పెళ్ళయ్యాక మీరు మొదట అద్దెకి దిగిన గది కదా. నేను ఒకసారి వచ్చాను. కుర్చీ లేదు. నన్ను కిటికీ గూట్లో కూర్చోబెట్టింది. ఉన్నదల్లా ఒక్క సన్నటి మంచం. "ఒకరు పక్కకి తిరగాలంటే ఇద్దరం లేవాలి నాన్నా" అని పడీ పడీ నవ్వింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తండ్రితో అనే మాటా అది?

దానికి చిన్నప్పట్నుంచీ అంతే. నేను మందులు నూరుతుంటే ఎదురుగా కూర్చుని ప్రశ్నలు. మన పెద్దాయన నాడి చూసే వైద్యుడు మాత్రమే కాదని, మనసంటే ఏమిటి, ఉండటమంటే ఏమిటి అని తలబద్దలు కొట్టుకున్నాడని అది పుస్తకాల్లో చదివి నాకే పాఠం చెప్పింది. "నువ్వు ఆయన వేళ్ళు తీసుకున్నావు, నేను తల తీసుకున్నాను. పంపకం అయిపోయింది నాన్నా" అనేది. అంత తల ఉన్నదానికి తలలోనే నరం చిట్లింది చూడు.

గిరాకీ వచ్చింది. మందు నూరాలి. ఉంటాను.

మామయ్య

*

మరమ్మతు గది.
శుక్రవారం.

మామయ్యగారికి,

ఆదివారం మీకు గిరాకీ ఉండదు.

ఇక్కడ సంగతి. పెద్ద డాక్టరు కండక్టరు మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. కండక్టరు అతనితో, "మీరు నన్ను మొక్క అన్నారు డాక్టరుగారూ. ఏ మొక్కో చెప్పలేదు" అన్నాడట. నర్సులు బయటికి పోయి నవ్వుకున్నారు. డాక్టరు నవ్వలేదు. మర్నాటినుంచి వార్డులో పలకని వాళ్ళందరినీ ఒక్కొక్కరినే మెదడు ఫోటో తీసే గదికి దింపుతున్నాడు. లోపలికి పంపి, చెవిలో మాటలు చెబుతారు. మీ ఇంట్లో నడుస్తున్నట్టు ఊహించుకోండి అంటారు. మెదడులో ఏ చోటు వెలుగుతుందో చూస్తారు.

ఆ మిషను చూసే పని నాది కనక నేనూ అక్కడే ఉన్నాను. మీ పెద్దాయన కథ చెప్పాను. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేం చేస్తున్నదీ అదేగా. మాట చెప్పి, ఏది ఎగురుతుందో చూడటం. వెయ్యేళ్ళ కిందట వేలితో చూశాడంటారు!" అన్నాడు. కాసేపటికి, "మీ మామగారు రోజూ ఇక్కడే కూర్చునేవారు. నాతో ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు.

ఆ జవాబు మీ దగ్గర ఉందేమో.

నేనడిగింది అలాగే ఉంది. నాడి ఏం చేసింది?

మీ అల్లుడు

*

మందుల కొట్టు.

నాయనా,

ఇవాళ ఏ వారమో చూసుకోలేదు.

నాకు తెలుసు. నూలు మిల్లు సందు దగ్గర మొదటిసారి ఎగిరినప్పుడు నా వేళ్ళని నేను నమ్మలేదు. పేర్లు తారుమారు చేసి చదివాను. మధ్యలో లేని వీధులు కలిపాను. అది అక్కడే ఎగిరింది. నా బిడ్డ లోపల ఉంది. ఎవరికీ చెప్పలేదు.

పెద్ద డాక్టరుకి మొదట చెబుదామనే వెళ్ళాను. "ఏం హకీముగారూ, ఏమంటోంది నాడి?" అన్నాడు పళ్ళు బయటపెట్టి. తిరిగి వచ్చేశాను. అది సాకే. అసలు కారణం అది కాదు.

నీకు చెబితే నువ్వు ఆశపడతావు. ఆశపడితే, అడిగిన రోజున గొట్టం వెయ్యమంటావు. దాని ఒంట్లో ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయని నా వేళ్ళకి అందరికన్నా ముందే తెలుస్తోంది. మిషను దాన్ని నిలబెట్టదు. ఆ గాల్లో ఇంకొన్నాళ్ళు వేలాడదీస్తుంది, అంతే. ఉన్నానని తెలుస్తూ వేలాడటం. వద్దనాలని నా కడుపు చెప్పింది. అనడానికి నోరు రాలేదు. నీకు తెలియకపోతే నువ్వు అంటావని తెలుసు. నీ చేత అనిపించాను.

ఇక నువ్వడిగింది.

నీ మాట నాకు వినపడలేదు, నీ పెదవులు చూశాను. అవి కదలబోయే ముందే, డాక్టరు నీ వైపు తిరగగానే, నేను చేయి వదిలేశాను.

బతుకంతా పరాయివాళ్ళ మణికట్లు పట్టుకున్నాను. చావు వచ్చి కూర్చున్న నాడి కూడా వదలకుండా పట్టుకున్నాను. నా బిడ్డది ఆ ఒక్క నిమిషం పట్టుకోలేకపోయాను. అది ఎగిరితే నేను తట్టుకోలేను. ఎగరకపోయినా తట్టుకోలేను.

కనక నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

తిట్టు. ఉత్తరంలో తిడితే నా చెవికి అందుతుంది.

మామయ్య

*

మరమ్మతు గది.
మంగళవారం.

మామయ్యగారికి,

అందింది.

మూడుసార్లు రాసి చింపాను. తిట్టడం రాలేదు.

మీరు చేయి వదిలారు. నేను శబ్దం తీశాను, తెర తిప్పాను. ఇద్దరం చెరోవైపు నిలబడి ఉన్నాం. ఆ నిమిషంలో ఆమె దగ్గర ఎవరూ లేరు.

కొన్నాళ్ళు రాయను.

మీ అల్లుడు

*

మరమ్మతు గది.
సోమవారం.

మామయ్యగారికి,

వర్షాకాలం వెళ్ళిపోయింది. మీ కార్డులు అన్నీ అందాయి. పంపిన లేహ్యం తింటున్నాను. చేదుగా ఉంది.

వార్డులో మానిటర్లన్నిటికీ శబ్దం పెట్టాను. నిద్రపట్టి చావడం లేదని అందరూ గొడవ. హెడ్ నర్సు నన్ను చూడగానే, "వచ్చాడమ్మా పిట్టలాయన, చెవుల్లోకి దూది తీసుకురండి" అంటుంది. ఆవిడే మొన్న, పలకని ఒక పెద్దావిడ పిట్ట మనవరాలి గొంతుకి పరుగెత్తిందని వరండా అంతా వినపడేలా నన్ను కేకేసింది. డాక్టరుని కూడా పిలిచింది. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

నిన్న కండక్టరు ఇంటికి వెళ్ళాడు. కర్ర సాయంతో నడుస్తున్నాడు. గేటు దాకా సాగనంపాను. స్టాపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. "ఇదిగో ఈ స్టాపే మీ మామగారు మింగింది" అన్నాడు. మీరు చెప్పమన్నది చెప్పాను. "అలాగైతే క్షమించేశానని రాయండి" అన్నాడు.

వాళ్ళావిడ మందులు తేవడానికి వెళ్ళింది. ఇన్ని నెలలూ అడగలేనిది అప్పుడు అడిగాను. ఆ రోజు నేను వద్దన్న తర్వాత నీకేం వినిపించింది అని.

"పిట్ట లేదు సారూ. మీరు ఆపేశారు కదా."

"తెలుసు. ఇంకేమైనా?"

"డాక్టరు వెళ్ళిపోయాడు. మీ మామగారు గోడ పట్టుకుని వెళ్ళారు, చెయ్యి రాసుకుంటూ వెళ్ళిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మీ ఆవిడ మంచం కిర్రుమంది. మీరు కూర్చున్నారు. కూర్చుంటూ ఒక మాట అన్నారు."

నాకు గుర్తు లేదు. ఆ గదిలో నేను ఆమెతో ఎప్పుడూ ఏమీ మాట్లాడలేదనే అనుకుంటున్నాను. నా సంగతి మీకు తెలుసు.

"ఏమన్నాను?"

"'కాస్త జరుగు' అన్నారు."

బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్ళింది. అతను ఎక్కలేదు.

"నర్సమ్మలు మాతో చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. డాక్టరు మా గురించి మాట్లాడేవాడు. మీ మామగారు పరీక్ష పెట్టేవారు. మా ఆవిడ నా మంచం దగ్గర కూర్చుని దేవుడితో మాట్లాడేది. మనిషి ఉన్నాడని, పక్కనే పడుకుని ఉన్నాడని, మామూలుగా మాట్లాడింది ఆ ఒక్క మాటే సారూ. అంతకాలంలోనూ అదొక్కటే విన్నాను."

నూలు మిల్లు వెనక సందులో రోజూ పడుకునేముందు అనే మాట అది. మీరు రాసిన ఆ మంచం మీద. తర్వాత పెద్ద మంచం కొన్నాక కూడా అలవాటు పోలేదు. ఆమె నిద్రలోనే జరిగేది.

ఇందులో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. మీరు చెప్పింది నిజమే, ఎవరికీ తెలియదు. కానీ నేను ఆ మాట అన్నప్పుడు మీరు బయట ఉన్నారు. ఉన్నా మీకు వినపడేది కాదు. అందుకని రాస్తున్నాను. కండక్టరు చివరికి అన్నది కూడా అతని మాటల్లోనే రాస్తున్నాను. వాళ్ళావిడ వచ్చి, లేవడానికి అతనికి భుజం అందించింది. అతను లేవకుండా నా వైపు తిరిగాడు.

"ఆ మాట నాతో కాదని తెలుసు సారూ. అయినా నేను కూడా జరగబోయాను."

మీ అల్లుడు